నొప్పి లేదంటారు.. నమ్మేయకండి!

యుద్ధం చూసి వచ్చిన పెద్దాయన ఇప్పుడు మంచం మీదున్నారు. మందులు పనిచేసే దశ దాటిపోతోంది. ఇలాంటప్పుడు ఇంటిల్లిపాదీ ఏం చేయాలి? ఏం చేయకూడదు?

మీ ఇంట్లో మాజీ సైనికులు ఉంటే ఈ సంభాషణ మీకు కొత్త కాదు. ‘ఎలా ఉంది నాన్నా?’ అంటే ‘బాగానే ఉంది’ అంటారు. ‘నొప్పిగా ఉందా?’ అంటే ‘అంతేం లేదులే’ అంటారు. క్యాన్సర్ ఎముకలకు పాకినా, గుండె బలహీనపడి పడుకుంటే ఊపిరాడకపోయినా ఆ జవాబు మారదు. డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు కూడా అదే మాట. దాంతో చీటీలో నొప్పి మందు పడదు. ఇంటికెళ్లాక రాత్రంతా గోడవైపు తిరిగి పళ్లు బిగించి పడుకుంటారు.

1962లో చైనాతో, 1965లో, 1971లో పాకిస్థాన్‌తో యుద్ధాలు చేసినవాళ్లు ఇప్పుడు మన మధ్య ముసలివాళ్లయ్యారు. 1971లో ఇరవై, పాతికేళ్ల వయసున్న జవాన్లు ఇప్పుడు 75కి అటూఇటూ ఉన్నారు. అంతకుముందు యుద్ధాల్లో ఉన్నవారు 80 దాటారు. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలిటరీ మాధవరం అని పేరుపడ్డ ఊరుంది. మొదటి ప్రపంచ యుద్ధం నుంచీ తరతరాలుగా అక్కడి నుంచి సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. అంత పేరు లేకపోయినా, రెండు తెలుగు రాష్ట్రాల్లో ‘మిలిటరీ తాతయ్య’ లేని ఊరు అరుదు. వీళ్ల చివరి నెలలు మిగతా పెద్దవాళ్ల చివరి నెలల్లాగే ఉంటాయి కానీ, కొన్ని విషయాల్లో తేడా ఉంటుంది. ఆ తేడా ముందే తెలిస్తే ఆయన బాధ, మీ బాధ రెండూ తగ్గుతాయి.

అడిగే తీరు మార్చండి

సైన్యంలో చేరిన కుర్రాడికి మొదట అలవాటయ్యేది ఓర్చుకోవడం. కాలు బెణికినా కవాతు ఆగదు, జ్వరమొచ్చినా కాపలా తప్పదు. యాభై ఏళ్ల కిందటి ఆ అలవాటు ఇప్పుడు మంచం మీద కూడా పోదు. నొప్పి ఉందని చెప్పడం ఆయనకు ఫిర్యాదు చేయడంలా అనిపిస్తుంది. పైగా ‘వీళ్లను ఇబ్బంది పెట్టకూడదు’ అన్న ఆలోచన ఒకటి. అందుకే ‘నొప్పి ఉందా?’ అన్న ప్రశ్న ఆయన దగ్గర పనిచేయదు.

దానికి బదులు ఇలా అడిగి చూడండి. ‘రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది?’ ‘ఏ పక్కకు తిరిగి పడుకుంటే తేలిగ్గా ఉంటోంది?’ ‘నిన్న స్నానాల గదిదాకా నడిచారు, ఇవాళ ఎందుకు వద్దన్నారు?’ ‘సున్నా నుంచి పది వరకు లెక్కేస్తే ఇప్పుడు ఎంత?’ నొప్పిని రిపోర్టులా అడిగితే చాలామంది మాజీ సైనికులు రిపోర్టులాగే చెబుతారు.

మాట రాని స్థితిలో ఉంటే మొహం చూడండి. కనుబొమలు ముడిపడటం, పక్క మార్చేటప్పుడు మూలగడం, ఒక చోట చేయి అడ్డం పెట్టుకోవడం, పిడికిలి బిగించడం, ఊరికే కాళ్లు కదిలిస్తూ ఉండటం.. ఇవన్నీ నొప్పి చెప్పే మాటలే. ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, సమయం వేసి రాయండి. డాక్టర్‌కు ‘బాగా బాధపడుతున్నారండీ’ అనే మాట కన్నా ఆ రెండు పేజీలు ఎక్కువ ఉపయోగపడతాయి.

మార్ఫిన్ అంటే భయం వద్దు

తీవ్రమైన నొప్పికి పారాసెటమాల్ చాలదు. అలాంటప్పుడు మార్ఫిన్ మాత్రలు రాస్తాం. ఆ పేరు వినగానే ‘మత్తుకు అలవాటు పడతారేమో’, ‘ఇక ఆఖరి మందు ఇచ్చేశారా?’ అని ఇంటివాళ్లు కంగారు పడతారు. పెద్దాయన కూడా ‘నాకొద్దు’ అంటారు. నొప్పికి తగ్గ మోతాదులో డాక్టర్ పర్యవేక్షణలో వాడితే మార్ఫిన్ ప్రాణం తీయదు, చావును ముందుకు జరపదు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఆయాసపడేవారికి కూడా తక్కువ మోతాదులో ఉపశమనం ఇస్తుంది. మామూలు మాత్రను సాధారణంగా 4 గంటలకోసారి వేళ తప్పకుండా ఇవ్వాలి. నొప్పి భరించలేనంత అయ్యాక ఇవ్వడం సరైన పద్ధతి కాదు. మలబద్ధకం ఖాయంగా వస్తుంది కాబట్టి విరేచనం సాఫీగా అయ్యే మందు మొదటి రోజు నుంచే ఉండాలి. కిడ్నీ జబ్బు ఉంటే ఆ సంగతి డాక్టర్‌కు తప్పక చెప్పండి, మోతాదు మారుతుంది.

మార్ఫిన్ దొరకదన్నది పాత మాట. 2014లో మాదక ద్రవ్యాల చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థల్లో దీన్ని అందుబాటులో ఉంచే విధానాన్ని సులభం చేశారు. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్, అంటే ఉపశమన చికిత్స విభాగం ఉందేమో కనుక్కోండి. తెలంగాణలో ‘ఆలన’ పేరుతో ఇంటికి వచ్చి చూసే బృందాలున్నాయి. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. ఉపశమన చికిత్స అంటే ‘ఇక చేసేదేం లేదు’ అని కాదు. నొప్పి, ఆయాసం, వాంతులు, నిద్రలేమి, భయం.. వీటికి చేయాల్సింది చాలా ఉందని అర్థం.

రాత్రిళ్లు మళ్లీ యుద్ధం

చివరి వారాల్లో కొందరు మాజీ సైనికులు రాత్రిపూట ఉలిక్కిపడి లేస్తారు. ఎవరినో హెచ్చరిస్తారు, మంచం దిగి పరుగెత్తబోతారు. దశాబ్దాలుగా ఇంట్లో తెలుగే మాట్లాడిన మనిషి ఒక్కసారిగా హిందీలో ఆజ్ఞలు జారీ చేస్తారు. ‘నాన్నకు మతి పోయింది’ అని పిల్లలు ఏడుస్తారు. ఆయనకు మతి పోలేదు. దీని వెనక రెండు కారణాలు ఉండొచ్చు.

మొదటిది డెలీరియం. శరీరంలో ఏదో తేడా వల్ల మెదడు తాత్కాలికంగా తికమకపడటం. మూత్రం ఆగిపోయి పొత్తికడుపు ఉబ్బినా, నాలుగైదు రోజులుగా విరేచనం కాకపోయినా, మూత్రంలోనో ఛాతీలోనో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఒంట్లో నీరు, సోడియం తగ్గినా, కొత్త మందు పడకపోయినా ఇలా జరగొచ్చు. వీటిలో చాలావాటిని సరిచేయొచ్చు. కాబట్టి ‘వయసు మీద పడింది’ అని వదిలేయకుండా ఆ రోజే డాక్టర్‌కు చెప్పండి. నిద్రమాత్ర మీరే వేయకండి. కొన్ని నిద్రమాత్రలు డెలీరియాన్ని ఇంకా పెంచుతాయి.

రెండోది పాత గాయం. యుద్ధంలో చూసినవి మనసులో ఉండిపోతాయి. ఉద్యోగం, పొలం, పిల్లల చదువులు అంటూ పని ఉన్నన్నాళ్లూ అవి అణిగి ఉంటాయి. మంచం పట్టి, పని లేక, ఒంటరిగా పైకప్పు చూస్తూ పడుకున్నప్పుడు పైకి లేస్తాయి. గత ముప్పై, నలభై ఏళ్లలో ఆయన నిద్రలో అరవడం, దీపావళి టపాసులకు లోపలి గదిలోకి వెళ్లిపోవడం మీ అమ్మగారికి గుర్తుండే ఉంటుంది. ఆ విషయం డాక్టర్‌కు చెప్పండి. మందుల ఎంపికకు అది పనికొస్తుంది.

అలాంటి రాత్రి మీరు చేయాల్సినవి ఇవి.

నిద్రలో ఉన్న ఆయన భుజం పట్టి కుదపకండి. కాళ్ల వైపు నిలబడి పేరుతోనో, ‘నాన్నా’ అనో పిలవండి. మెలకువ వచ్చాకే దగ్గరకు వెళ్లండి.

‘యుద్ధం ఎప్పుడో అయిపోయింది, ఏంటిది?’ అని వాదించకండి. ‘నేను మీ పెద్దమ్మాయిని. మనింట్లో ఉన్నాం. అందరూ క్షేమంగా ఉన్నారు’ అని నెమ్మదిగా చెప్పండి. అవసరమైతే పదిసార్లు చెప్పండి.

చేతులు మంచానికి కట్టకండి. కట్టేకొద్దీ భయం, పెనుగులాట పెరుగుతాయి. మంచం ఎత్తు తగ్గించి, పక్కన పరుపు వేయండి.

చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. గడియారం కనబడాలి. కళ్లజోడు, వినికిడి యంత్రం చేతికి అందాలి. ఫిరంగుల దగ్గర పనిచేసినవారిలో చాలామందికి చెవులు దెబ్బతిని ఉంటాయి. మనం చెప్పింది వినబడక కూడా ఆయన కంగారుపడతారు. బాగా వినిపించే చెవి వైపు కూర్చుని మాట్లాడండి.

దాచకూడని రెండు సంగతులు

మొదటిది క్యాంటీన్ సీసా. రోజూ రాత్రి రెండు పెగ్గులు వేసుకోవడం చాలామంది మాజీ సైనికులకు దశాబ్దాల అలవాటు. పరువు పోతుందని ఇంటివాళ్లు ఆసుపత్రిలో ఈ మాట దాస్తారు. రోజూ తాగే మనిషి హఠాత్తుగా మానేస్తే మొదటి రోజే చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. 2, 3 రోజులకు లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం దాకా వెళ్లొచ్చు. అది ప్రాణాంతకం. ముందే తెలిస్తే మందులతో, బి1 విటమిన్ ఇంజక్షన్‌తో ఆపగలం. తెలియకపోతే ఆ గందరగోళాన్ని జబ్బు ముదరడం అనుకునే ప్రమాదం ఉంది. ఎంత తాగుతారో, చివరిసారి ఎప్పుడు తాగారో ఉన్నదున్నట్టు చెప్పండి. మీరంతట మీరు మాన్పించొద్దు.

రెండోది లైసెన్సు తుపాకీ. రిటైరయ్యాక సెక్యూరిటీ ఉద్యోగం చేసినవారి ఇళ్లలో తుపాకీ ఉండొచ్చు. డెలీరియంలో ఉన్న మనిషికి, బతుకు మీద విసుగొచ్చిన మనిషికి అది అందుబాటులో ఉండకూడదు. ఆయన బాగున్న రోజునే గౌరవంగా మాట్లాడి, పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న ఆయుధాల డీలర్ దగ్గరో డిపాజిట్ చేయించి రసీదు తీసుకోండి. ‘ఇంకెందుకు ఈ బతుకు?’ అన్న మాట పదేపదే వస్తుంటే తేలిగ్గా తీసుకోవద్దు. చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుట్టదు, మనసులో ఉంటే బయటికొస్తుంది. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు.

‘నువ్వు ఫైటర్‌వి నాన్నా’ అనకండి

ప్రేమతోనే అంటారు. ‘శత్రువులనే ఓడించావు, ఈ జబ్బెంత?’ ‘పోరాడు తాతయ్యా!’ అని. బాగయ్యే జబ్బయితే ఆ మాట ధైర్యమిస్తుంది. బాగవని జబ్బులో అదే మాట బరువవుతుంది. జబ్బును యుద్ధం చేస్తే చావు ఓటమి అవుతుంది. సైనికుడికి అంతకన్నా కష్టమైన మాట లేదు. నొప్పి మందు అడగడం, ‘ఇక ఆసుపత్రి వద్దు, ఇంటికి తీసుకెళ్లండి’ అనడం కూడా లొంగిపోయినట్టు అనిపిస్తుంది. నోరు మూసుకుంటారు.

‘ఇల్లు మేం చూసుకుంటాం. అమ్మను మేం చూసుకుంటాం. మీరు హాయిగా పడుకోండి’ అనండి. కాపలా డ్యూటీ చేసిన మనిషికి, తన చోటికి ఇంకొకరు వచ్చారని తెలిస్తేనే కన్ను మూతపడుతుంది. ఆ మాట పెద్ద కొడుకో, కూతురో దగ్గర కూర్చుని చెబితే ఎంతోమంది స్థిమితపడటం వార్డులో చూస్తుంటాం.

ఒక్కోసారి ఆయనే యుద్ధం గురించి ఎత్తుతారు. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పని సంగతి బయటికొస్తుంది. పక్కనే ఉన్న నేస్తం పోయాడని, తను మాత్రం తిరిగొచ్చానని. తన చేతుల్లో ఒకరి ప్రాణం పోయిందని. వెంటనే ‘అది దేశం కోసం కదా, బాధెందుకు?’ అని సర్దిచెప్పాలనిపిస్తుంది. ఆగండి. ఆ మాటతో ఆయన చెప్పడం ఆపేస్తారు. ‘ఇన్నాళ్లూ ఇది మోశారా నాన్నా?’ అని చేయి పట్టుకుంటే చాలు. మీరు పరిష్కరించాల్సింది ఏమీ లేదు, వినాలంతే. ఆయన అడగనిదే ఫోన్‌లో రికార్డు చేయకండి. ‘ఎంతమందిని కాల్చావు తాతా?’ అని అడగొద్దని మనవళ్లకు ముందే చెప్పండి. అలాగని చెప్పమని బలవంతమూ చేయొద్దు. మౌనంగా వెళ్లిపోవాలనుకునే హక్కు కూడా ఆయనది. పాత యూనిట్ మిత్రులెవరైనా ఉంటే వీడియో కాల్ కలపండి. ఇంట్లోవాళ్లతో చెప్పలేనిది వాళ్లతో రెండు ముక్కల్లో చెప్పుకుంటారు. పూజారో, పాస్టరో, మౌల్వీయో కావాలంటే పిలిపించండి.

వెంటిలేటర్ ప్రశ్న ముందే తేల్చుకోండి

అర్ధరాత్రి ఊపిరి ఆగుతున్నప్పుడు ఆలోచించి తీసుకునే నిర్ణయం కాదిది. ఆయన స్పృహలో ఉన్నప్పుడే అడగాలి. ‘పరిస్థితి విషమిస్తే మిషన్ మీద పెట్టించాలా, ఇంట్లోనే ఉంటారా? మీ మాటే మా మాట.’ ఇలా అడిగితే చాలామంది మాజీ సైనికులు స్పష్టంగా జవాబిస్తారు. ఆ కోరికను ముందస్తు వైద్య ఆదేశంగా, అంటే లివింగ్ విల్‌గా రాసిపెట్టుకునే హక్కును సుప్రీంకోర్టు 2018లో గుర్తించింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభం చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరించుకోవచ్చు. ఒక కాపీ కుటుంబ డాక్టర్ దగ్గర ఉంచండి.

కొడుకు కూడా సైన్యంలో ఉండి, ఎక్కడో సరిహద్దులో ఉంటే, లేదా కూతురు అమెరికాలో ఉంటే వాళ్లకు ‘సీరియస్’ అని ఆఖరి రోజు ఫోన్ చేయకండి. ‘నెలలా, వారాలా, రోజులా?’ అని డాక్టర్‌ను సూటిగా అడగండి. వారాలని చెప్పినప్పుడే కబురు పెట్టండి. సెలవుకు, ప్రయాణానికి సమయం కావాలి. అవసరమైతే జబ్బు స్థితి తెలిపే పత్రం డాక్టర్ దగ్గర తీసుకోండి.

చివరి రోజులు ఎలా ఉంటాయి?

నిద్ర పెరుగుతుంది. ఆకలి పోతుంది. ‘తినక నీరసించిపోతున్నారు’ అనుకుంటాం కానీ, శరీరం ఆగిపోతోంది కాబట్టే తినరు. బలవంతంగా నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చివరి రోజుల్లో ముక్కు గొట్టం పెట్టి తిండి పంపినా ఆయుష్షు పెరగదు. తడి గాజుగుడ్డతో నోరు, పెదాలు తడుపుతూ ఉండండి. తులసి తీర్థం ఇవ్వాలనుకుంటే గుడ్డతో పెదాలకు అద్దండి, గొంతులో పోయకండి.

ఆయాసంగా ఉంటే తలవైపు ఎత్తుగా ఉంచి, కిటికీ తెరిచి, మొహం మీదికి చిన్న ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. రక్తంలో ఆక్సిజన్ తగ్గనివారికి సిలిండర్ కన్నా ఈ గాలే హాయినిస్తుంది. ఊపిరి మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. గొంతులో గురగుర శబ్దం వస్తుంది. వినేవారికి భయంగా ఉంటుంది కానీ, ఆ దశలో ఆయనకు దాని బాధ తెలియకపోవచ్చు. ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే చాలావరకు తగ్గుతుంది. చేతులు, పాదాలు చల్లబడతాయి. స్పందన లేకపోయినా మాటలు వినిపిస్తున్నాయనే అనుకుని మాట్లాడండి. మంచం పక్కన ఆస్తుల మాట ఎత్తకండి.

అమ్మను మర్చిపోవద్దు

ఆయన సరిహద్దులో ఉన్నన్నాళ్లూ అత్తమామలను, పిల్లలను, పొలాన్ని ఒంటిచేత్తో ఈదింది ఆవిడే. ఉత్తరం కోసం ఎదురుచూసింది ఆవిడే. ఇప్పుడు కూడా ‘నేను చూసుకుంటాలే’ అంటారు. ఆయన మౌనానికి ఆవిడ మౌనం ఏమీ తీసిపోదు. రాత్రి కాపలాకు వంతులు వేసుకోండి. వారంలో కనీసం మూడు రాత్రులైనా ఆవిడ వేరే గదిలో నిద్రపోవాలి. ఆవిడ బీపీ, షుగర్ మందులు ఎవరు చూస్తున్నారో ఒకరి పేరు పెట్టుకోండి. పెద్దల సంరక్షణలో సాయానికి 14567 ఎల్డర్‌లైన్ ఉంది.

కాగితాలు కూడా ఆవిడ ఆరోగ్యంలో భాగమే. భర్త పోయిన పక్షం రోజులకే పింఛను ఆగి, ఆఫీసుల చుట్టూ తిరుగుతూ పడిపోయే తల్లులను చూస్తుంటాం. ఆయన ఉండగానే పీపీవోలో ఆవిడ పేరు, పుట్టిన తేదీ ఉన్నాయా, ఆధార్‌తో సరిపోతున్నాయా చూడండి. లేకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగి సరిచేయించండి. డిశ్చార్జి పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్, ‘స్పర్శ్’ వివరాలు ఒకే సంచిలో ఉంచండి. మంచంలో ఉన్నవారికి లైఫ్ సర్టిఫికెట్‌ను ఇంటి నుంచే ఫోన్‌లో మొహం చూపించి ఇవ్వొచ్చు. మాజీ సైనికుల కోసం 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం కార్డు ఉంటే, పాలీక్లినిక్ రిఫరల్‌తో గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో చికిత్స దొరుకుతుంది. అత్యవసరంగా వేరే ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే 48 గంటల్లోపు పాలీక్లినిక్‌కు తెలియజేయండి.

ఇంకో మాట. ప్రేమకొద్దీ ఇంటివాళ్లే పాడె మీద జాతీయ జెండా కప్పుతుంటారు. ప్రభుత్వ, సైనిక, పారామిలిటరీ లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో తప్ప అలా కప్పడానికి చట్టం ఒప్పుకోదు. అప్పుడైనా జెండాను చితిలో కాల్చకూడదు, గోతిలో దించకూడదు. ఆయన పతకాలు, టోపీ పక్కన పెట్టండి. పుష్పగుచ్ఛం ఉంచే ఏర్పాటు వీలవుతుందేమో సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగండి.

ఆ పతకాలు ఇప్పుడే, ఆయన కళ్లు తెరిచి చూస్తుండగానే ట్రంకు పెట్టెలోంచి తీసి మంచం ఎదురుగా గోడకు పెట్టండి. 1971 యుద్ధంలో ఉన్నవారైతే వాటిలో పూర్వీ స్టారో, పశ్చిమీ స్టారో ఉండొచ్చు. మనవడిని పక్కన కూర్చోబెట్టి, ఏది ఎందుకిచ్చారో అడగమనండి. చెబితే వినండి. చెప్పకపోతే దుప్పటి సరిచేసి, ‘రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది నాన్నా?’ అని అడగండి.